ర్యాగ్‌వర్మ్, లగ్‌వర్మ్, బ్లడ్‌వర్మ్, శాండ్‌వర్మ్: వీటిలో మన తీరంలో దొరికే ఎర పురుగులు ఏవి?

బెజవాడ గాలం (ప్రశ్న)

నమస్తే అండి. బ్యారేజీ ఎగువన మంచినీళ్ళలో గాలం వేయడానికి ఎర్రలు, మైదా ముద్దలు సరిపోతాయి. ఇప్పుడు సూర్యలంక, నిజాంపట్నం, హంసలదీవి వైపు ఉప్పునీళ్ళలో రాడ్ వేయాలని ఉంది. బయటి దేశాల వీడియోల్లో ఎవరిని చూసినా సముద్రపు పురుగులనే ఎరగా గుచ్చుతున్నారు. చిక్కంతా పేర్లతోనే. ఇంగ్లండు ఆయన ర్యాగ్‌వర్మ్ అని చూపించినదాన్నే అమెరికా ఆయన శాండ్‌వర్మ్ అంటాడు. అమెరికా బ్లడ్‌వర్మ్ ఒకలా ఉంది, ఆస్ట్రేలియా బ్లడ్‌వర్మ్ ఇంకోలా ఉంది. విజయవాడ అక్వేరియం షాపుల్లో అదే పేరుతో ఐసు ముక్కల్లో అమ్మేది మరోలా ఉంది.

ఏ పేరు ఏ పురుగుది? కృష్ణా, బాపట్ల తీరంలో వీటిలో ఏవి ఉన్నాయి, చూసి ఎలా పోల్చుకోవాలి? తవ్వితీసిన పురుగుని విజయవాడ దాకా బతికించి తేవచ్చా? షాపు బ్లడ్‌వర్మ్ సముద్రంలో పనికొస్తుందా? గొరక, లేడీ ఫిష్ ముఖ్యం. పండుగప్ప పడితే సంతోషం.

ఉప్పుటేరు

పేరు పట్టుకుని వెతికితే తెమలదండి, పురుగు తల చూడాలి. ఈ పేర్లన్నీ రేవుల్లో ఎర అమ్మేవాళ్ళు పెట్టుకున్నవి, తీరం మారితే పేరు మారిపోతుంది. శాస్త్రీయ నామాలు కాస్త నయం, అవీ మారుతుంటాయి. ఇంగ్లండు వాళ్ళ కింగ్ ర్యాగ్‌వర్మ్, అమెరికా వాళ్ళ శాండ్‌వర్మ్ రెండూ ఒకటే: అలిట్టా వైరెన్స్. పాత రాతల్లో నీరిస్ వైరెన్స్ అనీ, నియాంథిస్ వైరెన్స్ అనీ కనిపించేది కూడా ఇదే. చల్లటి ఉత్తర సముద్రాల పురుగు, మన దగ్గర ఉండదు. ఇంగ్లండు ఏటి మొగల్లో దొరికే చిన్న ర్యాగ్ వేరు, దాని పేరు హెడిస్టే డైవర్సికలర్. రెండూ నీరిడ్ కుటుంబానివే. ఆ కుటుంబం మన తీరంలోనూ ఉంది: పెరినీరిస్, నమాలికాస్టిస్, డెండ్రోనీరిస్ జాతులు. కాబట్టి వీడియోలో ర్యాగ్‌వర్మ్‌తో చేసే పని ఏదైనా మన నీరిడ్ పురుగుతో చేసుకోవచ్చు. ఆ కుటుంబందే ఇంకొకటి, పెరినీరిస్ ఐబుహిటెన్సిస్, తూర్పు ఆసియా నుంచి ప్రపంచమంతా ఎగుమతి అవుతుంది. ఇటలీలో దాన్ని కొరియానో అంటారు, జపాన్‌లో అయోఇసోమె.

బ్లడ్‌వర్మ్ దగ్గరే అసలు గందరగోళం. అమెరికాలో మెయిన్ రాష్ట్రం, కెనడాలో నోవా స్కోషియా బురదల నుంచి తవ్వి అమ్మే బ్లడ్‌వర్మ్ గ్లైసెరా డైబ్రాంకియాటా. చర్మం పల్చన, లోపలి ఎర్రటి ద్రవం బయటికి కనిపిస్తుంది, అందుకే ఆ పేరు. ఇటలీ వాళ్ళు దీన్నే అమెరికానో అంటారు. ఆస్ట్రేలియా బ్లడ్‌వర్మ్ మార్ఫైసా జాతిది, కుటుంబమే వేరు. ఒకప్పుడు ప్రపంచంలో ఎక్కడ మార్ఫైసా దొరికినా మార్ఫైసా సాంగ్వినియా అని రాసేసేవారు. అది 1813లో ఇంగ్లండు దక్షిణ తీరం పురుగుకి పెట్టిన పేరు. ఇప్పుడు దేశదేశాల పురుగుల్ని విడదీసి వేరే పేర్లు ఇస్తున్నారు, అందుకని పాత పేరు చూసి మోసపోకండి. మార్ఫైసా మన తూర్పు తీరంలో ఉంది, రొయ్యల హేచరీల వాళ్ళకు బాగా తెలిసిన పురుగు.

లగ్‌వర్మ్ ఐరోపా ఇసుక ఒడ్డులది. అందులో బ్లో లగ్ అంటే అరెనికోలా మెరీనా, బ్లాక్ లగ్ అంటే అరెనికోలా డిఫోడియెన్స్. ఈ రెండోది వేరే జాతి అని 1993లో గానీ తేల్చలేదు, ఎర తవ్వేవాళ్ళు మాత్రం ఎప్పటినుంచో విడివిడిగానే పిలిచేవారు. ఆస్ట్రేలియా బీచ్‌వర్మ్ మరో కుటుంబం, ఓనూఫిడ్. రెండు మీటర్లు దాటి పెరిగేవి ఉంటాయి. చేప ముక్క ఇసుక మీద ఆడిస్తే తల బయట పెడుతుంది, చేత్తో పట్టి లాగుతారు. ఆ కుటుంబంలో మనకున్నది డయోపాట్రా.

ఇక పోల్చుకోవడం. పురుగుని తెల్లటి ప్లేటులో, అది దొరికిన చోటి నీళ్ళే అరంగుళం పోసి, వెలుతురులో చూడండి.

నీరిడ్‌కి తల మీద నాలుగు నల్లటి కళ్ళు, ముందు రెండు చిన్న మీసాలు, పక్కల లావాటి రెండు పెదవుల్లాంటివి, వాటి వెనక రెండు వైపులా సన్నటి పోగులు. మెడ వెనక మెల్లగా నొక్కితే నోటిలోని తొండం బయటికి తిరగబడి, చివర కొడవళ్ళలా వంగిన రెండు నల్లటి కోరలు కనిపిస్తాయి. వీపు మీద నడిమధ్యగా ఎర్రటి రక్తనాళం పొడుగునా కొట్టుకుంటూ ఉంటుంది.

మార్ఫైసాకి తల మీద అయిదు మీసాలు, ముందు పెదవి రెండుగా చీలి ఉంటుంది. శరీరం వెనక్కి వెళ్ళేకొద్దీ బల్లపరుపు. పక్కల వెంట ఎర్రటి దారప్పోగుల్లాంటి మొప్పలు, అదే దీనికి పక్కా గుర్తు. లాగితే పుటుక్కున తెగుతుంది.

గ్లైసెరా తల మొన తేలి ఉంటుంది, కళ్ళు కనబడవు. ఒళ్ళు గుండ్రం, రెండు చివర్లా సన్నం, లేత గులాబీ రంగు. ముట్టుకుంటే చుట్టలు చుట్టుకుని తొండం విసురుతుంది, దాని చివర నాలుగు కోరలు. ఆ కోరలకు విషం ఉంది, వాటి లోపల రాగి ఖనిజం కూడా ఉంటుంది. కరిస్తే తేనెటీగ కుట్టినట్టుంటుంది, ఎలర్జీ ఉన్నవాళ్ళకి వాపు ఎక్కువ. గ్లైసెరా జాతులు మన తీరంలోనూ ఉన్నాయి, కాకపోతే చిన్నవి.

ముత్యంలా తెల్లగా మెరుస్తూ, నీళ్ళలో వదిలితే ఒళ్ళంతా గబగబా మెలికలు తిప్పుతూ ఈదేది నెఫ్టిస్. ఇంగ్లండు వాళ్ళు వైట్ ర్యాగ్, క్యాట్‌వర్మ్ అంటారు. ఖండాలు లేకుండా, కాళ్ళు లేకుండా, గట్టి తోలు తిత్తిలా ఉంటే అది సైపంక్యులస్, వేరుశనగ పురుగు అని అర్థం వచ్చేలా పీనట్‌వర్మ్ అంటారు. ఇటలీలో దాని పేరు బిబి. తోలు గట్టిది కాబట్టి ముల్లు మీద అన్నిటికంటే బాగా నిలుస్తుంది.

చేపల తొట్టి

షాపు బ్లడ్‌వర్మ్ గురించి. అది పురుగే కాదండి, ఖైరోనోమిడ్ అనే కుట్టని దోమలాంటి ఈగ పిల్లదశ. మంచినీటి బురదలో పెరుగుతుంది. ఒంట్లో హిమోగ్లోబిన్ ఉండటం వల్ల ఎరుపు. పొడవు ఒకటి, రెండు సెంటీమీటర్లు, మందం కుట్టుదారమంత. 10 నంబరు ముల్లుకి కూడా నిలవదు, ఐసు కరగ్గానే మెత్తబడి చిరిగిపోతుంది. గప్పీలకీ ఏంజెల్ చేపలకీ మేత, అంతవరకే. బతికున్న ట్యూబిఫెక్స్ అమ్ముతారు చూడండి, అదీ మంచినీటి పురుగే, ఉప్పునీళ్ళలో నిమిషాల్లో చస్తుంది. ఖైరోనోమిడ్ ముక్కల్ని వట్టి చేతులతో నలిపితే కొందరికి దురద, తుమ్ములు, కళ్ళు ఎర్రబడటం వస్తాయి. ఎరకోసం దాని మీద డబ్బు పెట్టకండి.

ఎర్రలు కూడా ఉప్పునీళ్ళలో ఎంతోసేపు ఆడవు. పది నిమిషాల్లో తెల్లబడి, వాలిపోతాయి. ఏటి మొగ దగ్గర నీళ్ళు మంచినీళ్ళయ్యే వరద రోజుల్లో జెల్లలకు పనికొస్తాయి.

బెజవాడ గాలం

చాలా థ్యాంక్సండి. ఒడ్డున ఇసుక ఉండలు, కన్నాలు చాలా కనిపిస్తాయి, అవన్నీ పురుగులవేనా? ఎక్కడ తవ్వాలి, దేంతో తవ్వాలి?

పోటు పాటు

ఆ చిన్న చిన్న ఇసుక ఉండలు పురుగులవి కావు, ఇసుక పీతలవి. మెత్త ఇసుకలో వేలు దూరేంత కన్నం ఏటవాలుగా దిగితే అది కూడా పీతదే. సూర్యలంకలో పొడి ఇసుక మీద కనిపించేవి దాదాపు అన్నీ అవే, అక్కడ తవ్వితే ఒళ్ళు నొప్పులే మిగులుతాయి. అలలు గట్టిగా కొట్టే తీరం ఎర పురుగుకి చోటు కాదు. ఉప్పుటేర్ల ఒడ్డున ఆటు తీసినప్పుడు బయటపడే, ఇసుకా బురదా కలిసిన మెత్తటి నేల చూడండి. అడుగు వేస్తే చీలమండ దాకా దిగాలి, మోకాలి దాకా దిగకూడదు. పైపొర గోధుమ రంగులో, కింద బూడిద రంగులో ఉంటే మంచిది. రెండు వేళ్ళ లోతుకే నల్లగా మారి కుళ్ళిన గుడ్డు కంపు కొడితే అక్కడ గాలి అందదు, పురుగులు పల్చన.

గుర్తులు ఇవి. పెన్ను రీఫిల్ మందంలో నిలువు కన్నాలు, పక్కపక్కనే రెండేసి, అడుగు వేయగానే అందులోంచి నీళ్ళు చిమ్మితే నీరిడ్. నేల మీద గవ్వ ముక్కలు, ఆకుల తునకలు అంటించుకుని రెండు మూడు సెంటీమీటర్లు పైకి లేచిన తోలు గొట్టం కనిపిస్తే డయోపాట్రా. ఆ గొట్టం పట్టుకుని లాగితే ఖాళీ గొట్టమే చేతికొస్తుంది, పురుగు కిందికి జారిపోయి ఉంటుంది. గొట్టానికి నాలుగు వేళ్ళ దూరంలో పార దించి అడుగు నుంచి పెళ్ళగించాలి. చుట్టలు చుట్టిన ఇసుక పోగు చూసి లగ్‌వర్మ్ అనుకునేవాళ్ళుంటారు. మన ఒడ్డున అలాంటి పోగులు బెలనోగ్లాసస్ అనే పురుగులాంటి వేరే జీవివి కూడా అవుతాయి. తవ్వి చూస్తే మెత్తగా పసుపుపచ్చగా, టింక్చర్ అయోడిన్ వాసనతో ఉంటుంది. ముట్టుకుంటే చిదికిపోతుంది, ఎరకి పనికిరాదు.

వేళ: అమావాస్య, పున్నమి దాటిన రెండు మూడు రోజులు నీరు బాగా తీస్తుంది. ఇన్‌కాయిస్ (కేంద్ర సముద్ర సమాచార సంస్థ) వాళ్ళు ఇచ్చే ఆటుపోట్ల సమయాలు చూసుకుని, పూర్తి ఆటుకి గంటన్నర ముందు దిగండి. నీళ్ళు తిరిగి రావడం మొదలవగానే ఒడ్డెక్కాలి, ఉప్పుటేర్లలో పోటు వెనక నుంచి చుట్టేస్తుంది.

పనిముట్టు: పార కంటే నాలుగు పళ్ళ తోట ఫోర్కు మేలు, పార పురుగుని రెండు ముక్కలు చేస్తుంది. ఫోర్కుని నిలువుగా ఒక అడుగు దించి, పిడిని వెనక్కి వంచి గడ్డని అలాగే పైకి లేపండి. గడ్డని చేత్తో విరవండి. పురుగు సగం బయటపడి సగం మట్టిలో ఉంటే లాగొద్దు. ఒళ్ళంతా ఉన్న వెంట్రుకల్లాంటి ముళ్ళు బొరియ గోడలకి తన్నిపెట్టి ఉంటాయి, మీరు లాగితే అది ఇంకా బిగుస్తుంది, తెగుతుంది. చుట్టూ మట్టి తప్పిస్తే దానంతట అది వదులుతుంది. రబ్బరు గ్లౌజులు వేసుకోండి, గవ్వ పెంకులు వేళ్ళు కోస్తాయి.

ఇద్దరు మనుషులకి ఒక పూటకి 25, 30 పురుగులు చాలు. తవ్విన గుంట వెంటనే పూడ్చండి. పూడ్చకపోతే అడుగునున్న నల్లమట్టి పైకొచ్చి పడి, పైపొరలో బతికే పిల్ల పురుగులూ గవ్వలూ చస్తాయి, మళ్ళీ ఆటుకి ఆ చోట ఏమీ ఉండదు.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. కృష్ణా మొగల దగ్గర మడ అడవుల్లో చాలా భాగం కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం. అక్కడ ఫారెస్టు వాళ్ళ అనుమతి లేకుండా దిగడం, తవ్వడం నేరం, పురుగే కదా అనడానికి లేదు. మడ చెట్ల ఊడల మధ్య తవ్వితే ఆ వేళ్ళు తెగి చెట్టే పోతుంది. హద్దు ఎక్కడుందో అవనిగడ్డ, నాగాయలంక, రేపల్లె వైపు ఊళ్ళలో అడిగి తెలుసుకుని, దాని బయటే పని చూసుకోండి.

తెనాలి రాడ్

బతికించి తేవడం తేలికే. ఇంటికెళ్ళాక ఫ్రిజ్‌లో కూరగాయల అరలో పెడితే వారం ఉంటాయి.

ఉప్పుటేరు

ఫ్రిజ్ మాట అలిట్టా, అమెరికా గ్లైసెరా లాంటి చలిదేశాల పురుగులకి సరిపోతుంది తెనాలి గారూ, వాటిని 4, 5 డిగ్రీల్లో ఉంచుతారు. మన పురుగు 28, 30 డిగ్రీల బురదలో పుట్టి పెరిగినది. కూరగాయల అరలో పెడితే ముడుచుకుని, నురగ కక్కి, తెల్లారేసరికి మెత్తబడుతుంది. మన వాటికి 18 నుంచి 22 డిగ్రీలు చాలు. థర్మోకోల్ పెట్టెలో ఒక మూల గడ్డకట్టిన నీళ్ళ సీసా, దానికి నాలుగు మడతల న్యూస్‌పేపరు చుట్టి పెడితే ఆ చల్లదనం వస్తుంది. సీసా చెమ్మ కారి పురుగుల మీద పడకూడదు. ఎండకన్నా, చలికన్నా మంచినీళ్ళే వీటిని ఎక్కువ చంపేవి. ఒంట్లో ఉప్పు శాతం ఎక్కువ, బయట మంచినీళ్ళు, దాంతో నీరు లోపలికి లాక్కుని ఉబ్బి చచ్చిపోతుంది. అందుకే ఐసు ముక్కలు నేరుగా వేయొద్దు, కుళాయి కింద కడగొద్దు.

తవ్వగానే అక్కడి నీళ్ళలోనే బురద పోయేలా జాడించండి. తెగినవి, గాట్లు పడ్డవి వేరే డబ్బాలో వేసి ఆ పూటే వాడేయండి. ఒక్క కుళ్ళిన పురుగు చాలు, పెట్టెలో మిగతావన్నీ చావడానికి. న్యూస్‌పేపరుని అదే నీళ్ళలో ముంచి గట్టిగా పిండండి, తడి తెలియాలి గానీ నీళ్ళు కారకూడదు. ఒక్కో పొట్లంలో పది పదిహేను పురుగులు పరిచి వదులుగా చుట్టండి. నీరిడ్‌నీ గ్లైసెరానీ ఒకే పొట్లంలో కలపొద్దు, కరుచుకుంటాయి. పొట్లాలు ఒకదాని మీద ఒకటి బరువు పడేలా పేర్చొద్దు. పెట్టె మూతకి రెండు కన్నాలు. కారు డిక్కీలో వద్దు, సీటు కింద పెట్టండి. గుంటూరు, విజయవాడ ఎంత మే నెలలోనైనా ఇలా చేరుకుంటాయి.

రెండో రోజుకి ఉంచాలంటే వెడల్పాటి ప్లాస్టిక్ ట్రేలో తవ్విన చోటి నీళ్ళే రెండు మూడు సెంటీమీటర్ల లోతు పోసి, అక్వేరియం గాలి పంపు రాయి ఒకటి వేయండి. లోతు ఎక్కువైతే అడుగున గాలి అందదు. వచ్చేటప్పుడే ఐదు లీటర్ల డబ్బా నిండా నీళ్ళు తెచ్చుకుంటే రోజుకి సగం మార్చవచ్చు. మేత వేయొద్దు, నీళ్ళు పాడవుతాయి. అయిపోతే లీటరుకి 30 గ్రాముల రాళ్ళ ఉప్పు కలిపిన నీళ్ళు జాడించడానికి సరే. అందులో ఉంచితే మాత్రం బతకవు, సముద్రపు నీళ్ళలో ఉప్పు ఒక్కటే కాదు, మెగ్నీషియం, కాల్షియం ఉంటాయి.

ఒక తరహా పురుగుని అసలు తీసుకోవద్దు. గుడ్లు పెట్టే కాలంలో నీరిడ్ రూపం మారుతుంది: కళ్ళు పెద్దవవుతాయి, వెనక సగంలో కాళ్ళు తెడ్లలా వెడల్పవుతాయి, బురద వదిలి పైకొచ్చి ఈదుతుంది. లోపలంతా గుడ్లే, కండ ఉండదు. ముల్లు గుచ్చగానే సంచి చిరిగినట్టు కారిపోతుంది. పైగా అది ఒక్కసారే గుడ్లు పెట్టి చస్తుంది, దాన్ని వదిలేస్తే వచ్చే ఏడు పురుగు ఉంటుంది.

తెనాలి రాడ్

సరేనండి, చలి సంగతి తెలిసింది. మిగిలినవి ఉప్పేసి దాచే పద్ధతి చెబుతాను. నీరిడ్‌ని ఉత్తగా గడ్డకట్టిస్తే కరిగాక జావలా అవుతుంది, కణాలు పగిలిపోతాయి. ముందు ఉప్పుతో నీరు లాగేయాలి. 100 గ్రాముల పురుగుకి 40 గ్రాముల రాళ్ళ ఉప్పు. పేపరు మీద పురుగులు ఒకదానికొకటి తగలకుండా పరిచి సగం ఉప్పు చల్లి, ఏటవాలుగా పెట్టి ఆరు గంటలు వదిలేయండి. కారిన నీరు పారబోసి, పొడి పేపరు మీదకి మార్చి మిగతా ఉప్పు వేయండి. తోలులా బిగుసుకున్నాక ఐదేసి చొప్పున పొట్లం కట్టి ఫ్రీజర్‌లో పెట్టండి. మెత్తని ఉప్పు వాడితే పైపొర వెంటనే గట్టిపడి లోపలి నీరు బయటికి రాదు, నిలవ ఉండదు. బతికిన పురుగంత వాసన, కదలిక ఉండవు గానీ చిన్న చేపలు పీకలేవు.

చెరువు గట్టు

రొయ్యల సాగు వైపు నుంచి ఒక విన్నపం. ఈ పురుగులు హేచరీల్లో తల్లి రొయ్యలకి మేత. గుడ్డు బాగా కట్టడానికి కావలసిన అరాకిడోనిక్ ఆమ్లం లాంటి కొవ్వులు వీటిలో దండిగా ఉంటాయి. అందుకే పులికాట్ లాంటి చోట్ల వీటిని చేత్తో ఏరి హేచరీలకి అమ్మేవాళ్ళున్నారు. చిక్కేమిటంటే బురద తింటూ బతికే పురుగు ఆ బురదలోని తెల్లమచ్చ వైరస్‌నీ, ఈహెచ్‌పీ అనే రొయ్యల సూక్ష్మ పరాన్నజీవినీ కూడా ఒంట్లో మోస్తుంది. దానికి ఏమీ కాదు, తిన్న రొయ్యకి అవుతుంది. మార్ఫైసా నుంచి తల్లి రొయ్యకి తెల్లమచ్చ అంటుకోవడం మన దేశంలోనే ప్రయోగం చేసి చూపించారు. 2009లో వనామీ అనే విదేశీ రొయ్య సాగుకి అనుమతి వచ్చాక తల్లి రొయ్యల్ని జబ్బుల్లేనివని పరీక్షించి, చెన్నై క్వారంటైన్‌లో ఉంచి మరీ తెస్తున్నారు. అంత చేసి, పురుగు దగ్గర నిర్లక్ష్యం చేస్తే లాభం లేదు.

కాబట్టి నిజాంపట్నం దగ్గర తవ్విన పురుగు మిగిలితే దాన్ని బందరు వైపు ఉప్పుటేట్లోనో, దారిలో కనిపించిన చెరువు కాలవలోనో పారేయకండి. పొట్లం కట్టిన పేపరు, పెట్టెలో నీళ్ళు కూడా అంతే. ఫ్రీజర్‌లో పెట్టాం కదా అనుకోవద్దు. మైనస్ 20 డిగ్రీల్లో 48 గంటలుంచితే ఈహెచ్‌పీ చస్తుంది గానీ, తెల్లమచ్చ వైరస్ గడ్డకట్టినా చావదు. మిగిలినవి నీటికి దూరంగా అడుగు లోతున సున్నం చల్లి పూడ్చండి. బూట్లు, ఫోర్కు బ్లీచింగ్ నీళ్ళతో కడిగి ఎండబెట్టి గానీ ఇంకో ఉప్పుటేరులో దించొద్దు. బయటి దేశాల బతికిన పురుగుల్ని ఆన్‌లైన్‌లో తెప్పించుకునే ఆలోచన అసలు వద్దు. మెయిన్ నుంచి బ్లడ్‌వర్మ్ ప్యాక్ చేసే సముద్రపు నాచులో చిన్న పీతలూ నత్తలూ దాగి ఇతర తీరాలకు చేరిన దాఖలాలున్నాయి.

చేపల తొట్టి

వరి రైతులున్న జిల్లాలం కాబట్టి ఇదొకటి చెప్పాలనిపించింది. కాండం తొలుచు పురుగుకి ఎకరాకి 8 కిలోలు వేసే కార్టాప్ హైడ్రోక్లోరైడ్ 4జీ గుళికలు ఉన్నాయి కదా, దాని మూలం ఎర పురుగే. జపాన్‌లో గాలం వేసేవాళ్ళు వాడే ఒక రకం సముద్రపు పురుగు చచ్చి పడి ఉంటే, దాని మీద వాలిన ఈగలు చచ్చిపోవడం గమనించారు. 1934లో ఆ విషాన్ని వేరుచేసి నెరిస్టాక్సిన్ అని పేరు పెట్టారు. 1960లలో దాని నమూనాతోనే కార్టాప్ తయారైంది. ఆ పురుగు లుంబ్రినీరిస్ వర్గానిది, మనం మాట్లాడుకుంటున్న నీరిడ్ కాదు. అయినా తవ్వినప్పుడు ఏది చేతికొస్తుందో తెలియదు. గాలి ఆడని గదిలో చచ్చిన పురుగుల డబ్బా తెరిచి పెట్టుకుని కూర్చోవద్దు. ఎర గుచ్చిన చేత్తో అన్నం తినొద్దు, సబ్బుతో కడగాలి.

ఇంకొకటి, ఒడ్డుకి లాగిన వలల్లో ఒక్కోసారి వెడల్పుగా, పక్కలంతా తెల్లటి బొచ్చుతో, చూడ్డానికి అందంగా ఉండే పురుగు వస్తుంది. క్లోయియా, ఫైర్‌వర్మ్ జాతి. ముట్టుకుంటే ఆ బొచ్చు గాజు పీచులా చర్మంలో విరిగిపోయి మంట పెడుతుంది. గుచ్చుకుంటే రుద్దొద్దు. సెల్లోటేపు అంటించి ఒక్క లాగు లాగండి, రెండు మూడు సార్లు. ఆ తర్వాత వెనిగర్ రాయండి.

పోటు పాటు

గుచ్చే పద్ధతి మిగిలిపోయింది. లేడీ ఫిష్ నోరు చిన్నది, 6 లేదా 8 నంబరు పొడుగు కాడ ముల్లు. గొరకకి 2 నుంచి 1/0 దాకా. నీరిడ్ తల పట్టుకుంటే కోరలు బయటపెడుతుంది, ఆ క్షణంలో నోట్లోంచి ముల్లు దించి కాడ పొడుగునా ఎక్కించండి. ముల్లు మొన బయటికి రావాలి, దాని కింద తోక మూడు, నాలుగు సెంటీమీటర్లు వేలాడాలి. అంతకంటే పొడుగు వదిలితే చేప తోక కొరికి పోతుంది, ముల్లు దాకా రాదు. గ్లైసెరాని ముక్కలు కోస్తే లోపలి ద్రవం మొత్తం కారిపోయి ఉత్త తోలు మిగులుతుంది, చిన్నదైనా సరే నిండుగా పెట్టండి. మార్ఫైసా లాంటి మెత్తటివి విసిరేటప్పుడు ఊడిపోతాయి, సన్నటి ఎలాస్టిక్ దారం ఎనిమిది పది చుట్లు చుడితే నిలుస్తాయి. మరీ బిగిస్తే కోసుకుపోతుంది.

సూర్యలంక లాంటి ఇసుక ఒడ్డున 60 నుంచి 80 గ్రాముల సీసం చాలు. పోటు ఎక్కే మొదటి రెండు గంటలు లేడీ ఫిష్ మోకాలి లోతు నీళ్ళలోకే వస్తుంది, అందరూ దాన్ని దాటి దూరం విసిరేస్తారు. పది పదిహేను నిమిషాలకోసారి ఎర మార్చండి. వాసన, రసం పోయిన పురుగు అడుగున పీతలకే మేత.

పండుగప్పకి మాత్రం పురుగుల మీద ఆశ పెట్టుకోవద్దు. అది కదిలే చేపపిల్ల, బతికిన రొయ్య మీదే దూకుతుంది. మీరు తవ్విన పురుగులతో ఉప్పుటేట్లో చిన్న చేపలు పట్టి, వాటిని బతికుండగానే ముల్లుకి గుచ్చి వేస్తే మేలు. పురుగు ఎర వేసిన ప్రతిచోటా జెల్లలు ముందుగా వస్తాయి. వాటి వీపు ముల్లు, రెండు రెక్కల ముళ్ళు విషపువి. చేపని చేత్తో పట్టకుండా పొడుగు ముక్కు పట్టకారతో గాలం ముల్లు తీయండి. జెల్ల ముల్లు గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళలో అరగంట నుంచి గంటన్నర దాకా ఉంచితే నొప్పి దిగుతుంది, ఆ ముల్లు లోపల విరిగితే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.